పెద్ద ఏసీ కొందామనుకుని చిన్నది కొన్నాను

మా ఇంట్లో మేడమీద ఒక గది ఉంది. దాని పైన స్లాబు, ఆ పైన ఆకాశం, అంతే. ఎండాకాలంలో రాత్రి పదింటికి మంచం మీద వెల్లకిలా పడుకుంటే పైనుంచి సెగ ముఖానికి కొట్టేది. చలికాలంలో అదే గది ఐసుగడ్డ. ఎండలకు పాత ఒకటిన్నర టన్నుల ఏసీ, చలికి రెండు కిలోవాట్ల రూమ్ హీటరు, రెండు కాలాల్లోనూ కరెంటు బిల్లు చూసి నిట్టూర్పు. ఏసీకి పన్నెండేళ్ళు నిండాయి. దాని వల్ల ఇక కావడం లేదు, రెండు టన్నులది కొనేస్తే పీడ వదిలిపోతుందని తేల్చుకున్నాను.

పక్కింటి బాబాయ్ గారు కోల్డ్ స్టోరేజీల్లో యంత్రాలు చూసి రిటైరైన మనిషి. మాటల్లో ఈ సంగతి చెప్తే ఏసీ గురించి ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు.

"గదిలోకి వేడి ఎటునుంచి వస్తోందో కొలిచావా?"

"లేదండీ."

"మరి రెండు టన్నులని ఎవరు చెప్పారు?"

షాపులో చెప్పారన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు రెండు రోజులు గుచ్చుకుంటూనే ఉంది. మూడో రోజు దూరం నుంచే వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి, గది వేడినీ తేమనూ చూపించే చిన్న డబ్బా ఒకటి కొన్నాను. ఒక నోటుబుక్కు పెట్టుకుని వారం రోజులు గంట గంటకూ రాశాను. మా ఆవిడ "ఏమండీ, గదికి జ్వరం చార్టు రాస్తున్నారా?" అని వెక్కిరించింది. నిజానికి అది జ్వరం చార్టే.

మధ్యాహ్నం రెండింటికి స్లాబు పైభాగం 61 డిగ్రీలు ఉండేది. లోపల సీలింగు మాత్రం ఆ వేళకి 35 దగ్గరే. సాయంత్రం ఆరు దాటాక అది 41కి ఎక్కేది, తొమ్మిదింటికి కూడా 38 నుంచి దిగేది కాదు. కాంక్రీటు పగలంతా వేడి తాగి, నాలుగైదు గంటలు ఆలస్యంగా కింద ఉన్నవాళ్ళ నెత్తిన కక్కుతుంది. ఏసీ గాలిని 26కి దింపినా నాకు ఉక్కగా ఎందుకుండేదో అప్పుడు అర్థమైంది. ఏసీ చల్లబరిచేది గాలిని. నా ఒంటికి ఎదురుగా ఉన్నది పన్నెండు చదరపు మీటర్ల వేడి పెనం. దాని సెగ గాలితో పని లేకుండా నేరుగా ఒంటిని తాకుతుంది.

ఇంకో లెక్క కూడా బాబాయ్ గారే చెప్పారు. నడి ఎండలో చదరపు మీటరు నేల మీద దాదాపు ఒక కిలోవాటు ఎండ పడుతుంది. మా స్లాబు మీద అంటే 12 కిలోవాట్లు. అందులో కొంతే లోపలికి వస్తుంది, నిజమే. కానీ ఒకటిన్నర టన్నుల ఏసీ తోడేయగలిగేది మొత్తం కలిపి 5.3 కిలోవాట్లే. ఇక్కడ టన్ను అంటే యంత్రం బరువు కాదు. అమెరికా కొలత ప్రకారం టన్ను ఐసు, అంటే 907 కిలోలు, 24 గంటల్లో కరిగితే ఎంత వేడి పీల్చుకుంటుందో అంత. అది దాదాపు మూడున్నర కిలోవాట్లు. ఇన్నేళ్ళు ఏసీ వాడుతూ ఈ మాట నాకు తెలియకపోవడం కొంచెం సిగ్గనిపించింది.

కొలతలు చేతికి వచ్చాక తెలివితేటలు కూడా వచ్చేశాయనుకున్నాను. మొదటి పొరపాటు అక్కడే. సీలింగుకి మెరిసే అల్యూమినియం రేకు అంటిస్తే వేడి వెనక్కి వెళ్ళిపోతుందని ఎక్కడో విని, ఒక ముక్క అంటించి థర్మామీటరు గురిపెట్టాను. పక్కన కాంక్రీటు 39, రేకు మీద 31! ఆ సంబరంలో బాబాయ్ గారిని మేడెక్కించాను. ఆయన జేబులోంచి కాగితం టేపు తీసి రేకు మీద ఒక బెత్తెడు అంటించి, "రెండు నిమిషాలాగి ఇప్పుడు చూడు" అన్నారు. టేపు మీద 39. మెరిసే వస్తువు తన సెగని తక్కువగా వదులుతుంది, ఎదురుగా ఉన్నదాని సెగని అద్దంలా తిప్పి చూపిస్తుంది. నా థర్మామీటరు కొలిచింది రేకుని కాదు, రేకులో కనిపిస్తున్న గదిని. రేకు పనికిరాని వస్తువేమీ కాదు. ముందు గాలి ఖాళీ ఉండి, మీద దుమ్ము పట్టకపోతే సెగని బాగా తగ్గిస్తుంది. రెండు బోర్డుల మధ్య బిగించి పెడితే మాత్రం దాని గుణం పోతుంది.

రెండో పొరపాటు కిటికీ దగ్గర. పడమటి కిటికీ అద్దానికి లోపలివైపు ముదురు రంగు ఫిల్ము అంటించాను. నాలుగో రోజు సాయంత్రం టప్‌మని శబ్దం, అద్దం ఈ మూల నుంచి ఆ మూలకి చీలిపోయింది. ఫిల్ము ఎండని పీల్చి అద్దం నడిమి భాగాన్ని కాల్చింది, ఫ్రేములో దాగిన అంచులు చల్లగానే ఉండిపోయాయి. నడుమ సాగుతుంటే అంచు సాగనంటే అద్దం ఏం చేస్తుంది పాపం. కొత్త అద్దం వేయించి, ఈసారి బయటివైపు దించుకునే తెర పెట్టించాను. లోపలి కర్టెను ఎంత దళసరిదైనా ఎండ అద్దం దాటాకే కదా దాన్ని తాకేది. కర్టెను వేడెక్కితే ఆ వేడి గదిలోనే ఉంటుంది. తెర బయట ఉంటే ఆ వేడి బయటే పోతుంది. కిటికీ దగ్గర నా పెట్టుబడిలో బాగా ఫలించింది ఇదే, అదీ మోటారు, కరెంటు ఏమీ లేని వస్తువు.

స్లాబు పని పెద్దది. ముందు తెల్లటి కూల్ రూఫ్ కోటింగు వేయించాను. మామూలు సున్నానికీ దీనికీ తేడా ఏమిటని పని చేసేవాళ్ళని అడిగితే "ఇది తెల్లగా ఉంటుంది సార్" అన్నారు. తర్వాత చదువుకుంటే తెలిసింది: ఎండలో ఉన్న శక్తిలో దాదాపు సగం కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌లో ఉంటుంది. మంచి కోటింగు ఆ సగాన్ని కూడా తిప్పికొడుతుంది, పైగా తను పీల్చుకున్న కాస్త వేడినీ ఆకాశంలోకి సులువుగా వదిలేస్తుంది. మెరిసే ఇనప రేకు ఎండని తిప్పికొట్టినా చెయ్యి కాలేది ఈ రెండో గుణం లేకే. కొత్త తెలుపు 80 శాతం దాకా ఎండని వెనక్కి పంపుతుంది. వేసిన వారానికి మధ్యాహ్నం రెండింటి కొలత 61 నుంచి 43కి పడింది. నోటుబుక్కులో ఆ అంకె చుట్టూ మూడుసార్లు గీత గీశాను. మూడు నెలల తర్వాత 48. దుమ్ము. కడిగితే మళ్ళీ దిగింది. ఇది వేసుకునేవాళ్ళు మేడమీదికి పైపు వెళ్తుందో లేదో ముందే చూసుకోండి.

తెలుపు ఒక్కటే వేసి వదిలేస్తే చలికాలంలో నష్టం ఉంది. పగటి ఎండ ఉచితంగా ఇచ్చే కాస్త వేడినీ అది తిప్పికొడుతుంది, రాత్రి గదిలో వేడి స్లాబులోంచి పైకి పోతూనే ఉంటుంది. అందుకే నోటుబుక్కు చూపించి ఇంట్లో ఒప్పించి, కొంత కాలానికి స్లాబు మీద 5 సెంటీమీటర్ల ఎక్స్‌పీఎస్ ఫోము బోర్డులు (గట్టి థర్మాకోలు లాంటివి), ఆ పైన కాంక్రీటు పొర వేయించి మళ్ళీ తెలుపు పూయించాను. మొదటి కోటింగు అడుగున పడిపోయింది. వరస తెలియక ఒకే పని రెండుసార్లు చేయించినందుకు ఇప్పటికీ బాధే. ముందు వాటర్‌ప్రూఫింగు, తర్వాత ఫోము, చివర్న తెలుపు, అదీ వరస. ఫోము బలం అంకెల్లో చూస్తేనే నమ్మకం కలుగుతుంది. వేడిని దాటనివ్వడంలో కాంక్రీటుకీ దానికీ నలభై రెట్లకు పైగా తేడా. అయిదు సెంటీమీటర్ల ఫోము ఆపినంత వేడిని కాంక్రీటుతో ఆపాలంటే రెండు మీటర్లకు పైగా మందం కావాలి. లోపలి సీలింగుకి కాకుండా పైన ఎందుకంటే, స్లాబు ఫోముకి అడుగున నీడలో ఉండిపోతుంది, గది చల్లబడితే తనూ చల్లబడి ఆ చల్లదనాన్ని నిలుపుతుంది. సాయంత్రం ఆరింటి సీలింగు ఇప్పుడు 31. పెనం పొయ్యి దిగింది.

అప్పటికి కొత్త ఏసీ ఇంకా కొననే లేదు. పాతదే గదిని చలవగా ఉంచుతోంది. ఇక ఎందుకులే అనిపించింది కానీ చలికాలం వచ్చేసరికి రూమ్ హీటరు మళ్ళీ బయటికి తీయాల్సి వచ్చింది, తలుపు కింద నుంచి సన్నగా చలిగాలి కూడా. గాలి ఎక్కడెక్కడ చొరబడుతోందో వెతకడం ఈ మొత్తం వ్యవహారంలో నాకు సరదాగా గడిచిన పని. తలుపులు, కిటికీలు మూసి, బాత్‌రూములో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, వెలిగించిన అగరుబత్తి పట్టుకుని గోడల వెంట తిరిగాను. ఫ్యాను గాలిని బయటికి లాగుతుంటే కంతలున్న చోటల్లా బయటి గాలి లోపలికి దూరుతుంది, పొగ వంగుతుంది. తలుపు కింద సందు ఊహించిందే. స్విచ్‌బోర్డులోంచి గాలి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఎప్పుడో తీసేసిన పాత విండో ఏసీ కంతకి అడ్డంగా కొట్టిన చెక్క చుట్టూ అయితే పొగ ఏకంగా పడుకుంది. రబ్బరు పట్టీలు, సిలికాను, తలుపుకి అడుగున బ్రష్షు, ఒక ఆదివారంలో అయిపోయింది. దీన్నే పెద్ద ఎత్తున చేసేవాళ్ళు తలుపు చోట ఫ్యాను బిగించి 50 పాస్కల్స్ ఒత్తిడి తేడాతో కొలుస్తారు. హీటరు, ఏసీల అవసరం బాగా తగ్గేలా కట్టే ఇంటిని పాసివ్ హౌస్ అంటారు. ఆ ప్రమాణంలో ఈ ఒత్తిడి దగ్గర గంటకి ఇంటి గాలిలో 0.6 వంతుకు మించి మారకూడదు. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో కట్టిన మొదటి పాసివ్ హౌస్‌కి మూలసూత్రం ఇదే: బాగా కప్పు, బాగా మూసేయి, తర్వాతే యంత్రం సంగతి. నా ఇల్లు ఆ దరిదాపుల్లో కూడా లేదు, అది వేరే మాట.

ఇక్కడొక్క జాగ్రత్త గట్టిగా చెప్పాలి. పొగగొట్టం లేని గ్యాస్ గీజరు గానీ బొగ్గుల కుంపటి గానీ ఉన్న చోట ఇలా సందులు మూసేయకూడదు. కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే పని ముగుస్తుంది. మాకు గ్యాస్ గీజరు లేదు. ఉండి ఉంటే ముందు అది పోయేది.

మూసేశాక ఇంకో చిక్కు. పొద్దున లేచేసరికి తల బరువు. కార్బన్ డయాక్సైడు కొలిచే మీటరు పెడితే తెల్లవారుజామున 1,700 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో 1,700 వంతులు. బయట గాలిలో ఉండేది 420 పైచిలుకు. మేం వదిలిన గాలే మేం మళ్ళీ పీలుస్తున్నామన్నమాట. కిటికీ తీస్తే చేసిన పనంతా బూడిదలో పోసినట్టే. దీనికి గోడలో బిగించే చిన్న వెంటిలేటరు ఉంది. లోపల తేనెపట్టులా ఉండే పింగాణీ గడ్డ. ఫ్యాను ఒక నిమిషం పైగా గాలిని బయటికి పంపుతుంది, పోయే గాలి తన వేడిని పింగాణీకి ఇచ్చి పోతుంది. తర్వాత ఫ్యాను తిరగబడి బయటి గాలిని లోపలికి లాగుతుంది, వచ్చే గాలి ఆ వేడిని తీసుకుని వస్తుంది. చలికాలంలో దాని ముందు చెయ్యి పెట్టినప్పుడు తెలుస్తుంది మజా. ఇప్పుడు తెల్లవారుజామున 900 దాటడం లేదు.

ఫ్యాన్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ మోటారున్న కొత్తది 30 వాట్లు, గాలి అంతే. ఫ్యాను గదిని చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తుంది, కాబట్టి గదిలో ఎవరూ లేకుండా తిప్పడం దండగ. ఫ్యాను తిరుగుతుంటే ఏసీని 24 బదులు 26లో, ఒక్కోసారి 27లో పెట్టుకున్నా హాయిగానే ఉంటోంది. మా అమ్మకి రిమోటుతో తిరిగే ఫ్యాను నచ్చలేదు. "ఒరేయ్, ఫ్యాను వేయడానికి ముందు రిమోటు వెతకాలా?" అంటుంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

చివరికి యంత్రం దగ్గరికి వచ్చాం. రూమ్ హీటరు ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడి ఇస్తుంది, ఎంత ఖరీదైన హీటరైనా అంతకు మించి ఇవ్వదు. హీట్ పంపు వేడిని తయారు చేయదు, బయటి గాలిలో ఉన్న వేడిని తోడి లోపల పోస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుకి మూడు, బయట మరీ చలి లేకపోతే నాలుగు యూనిట్ల వేడి కూడా వస్తుంది. చల్లటి గాలిలో వేడి ఏముంటుందని నేనూ అడిగాను. ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడమన్నారు బాబాయ్ గారు. లోపలి చల్లటి పెట్టెలోంచి తోడిన వేడే కదా వెనక తగిలేది. ఇల్లు వెచ్చబరచడానికి ఈ పద్ధతి వాడొచ్చని 1852లోనే విలియం థామ్సన్ చెప్పాడు, తర్వాత లార్డ్ కెల్విన్ అయింది ఆయనే. తిప్పి నడిపే ఏసీ, అంటే హాట్ అండ్ కోల్డ్ అని అమ్మేది, అదే యంత్రం. రెండు కాలాలకీ ఒకటే పెట్టె సరిపోతుంది.

సైజు దగ్గర ఈసారి షాపులో తలవంచలేదు. నోటుబుక్కు చూపించి ఒక టన్ను ఇన్వర్టరు ఏసీ చాలన్నాను. "సార్, పెద్దదైతే త్వరగా చల్లబడుతుంది" అన్నాడు. త్వరగా చల్లబడి ఆగిపోవడమే అసలు ఇబ్బంది. ఏసీలో చల్లబడే పైపుల చుట్ట, అంటే కాయిల్, దాని మీదుగా గాలి చాలాసేపు పోతేనే తేమ నీరై కారుతుంది. అయిదు నిమిషాల్లో ఆగిపోతే గది చల్లగా, జిగటగా ఉంటుంది. ఇన్వర్టరు ఏసీ తన వేగం తగ్గించుకోగలదు గానీ ఇంతకంటే తగ్గలేనని దానికీ ఒక హద్దు ఉంటుంది, అవసరానికి మించి పెద్దదైతే ఆ హద్దు కూడా మన గదికి ఎక్కువే.

బిగించడానికి వచ్చినతని దగ్గర పైపులో గాలిని లాగేసే వాక్యూమ్ పంపు లేదు. "కొంచెం గ్యాసు వదిలితే పైపులో గాలి పోతుంది సార్, అందరికీ ఇలాగే చేస్తాం" అన్నాడు. పైపులో గాలీ తేమా మిగలకూడదని నాకు అప్పటికి తెలుసు. ఎండలో నిలబడి ఉన్నాడు, ఏం పోట్లాడతాంలే అని ఊరుకున్నాను. ఆ మొహమాటానికి ఫలితం రెండు నెలలకి తెలిసింది. సగం వేడి కూడా రావడం లేదు, లోపలి పైపు మీద ఒకచోట నూనె మరక. వేరే మనిషిని పిలిపించాను. అతను నైట్రోజన్ నింపి, కీలు మీద సబ్బు నురగ పూసి చూస్తే బుడగలు వచ్చాయి. పైపు చివరని గరాటులా విప్పి (దాన్నే ఫ్లేర్ అంటారు) బిగించే నట్టు బిగువు సరిగా లేదు. కొత్తగా ఫ్లేర్ చేసి, బిగువు కొలిచే టార్క్ రెంచితో బిగించి, అరగంటకు పైగా వాక్యూమ్ లాగి, పంపు ఆపాక కూడా మీటరు ముల్లు కదలడం లేదని చూపించి, అప్పుడు గ్యాసుని కాటా మీద తూచి ఎక్కించాడు. ఎవరైనా పనిమంతుడు అనిపించుకోవాలంటే ఇలా ఉండాలి. లోపలున్న గ్యాసు పేరు ఆర్32. వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడుకి 675 రెట్లు. పాత ఆర్410ఏ అయితే 2,088 రెట్లు, అంతకంటే ఇది నయం. అయినా "కొంచెం వదిలితే" అన్నమాట వినడానికి తేలిక, గాలికి తేలిక కాదు. పైగా అది కొద్దిగా మండే గ్యాసు కూడా.

మొదటి చలి ఉదయం ఇంకో కంగారు. బాల్కనీలో ఔట్‌డోర్ యూనిట్ నుంచి తెల్లగా పొగ. మా ఆవిడ మెయిన్ ఆపేయడానికి పరిగెత్తింది, నేను బకెట్టు కోసం. పొగ కాదు, ఆవిరి. బయటి కాయిల్ బాగా చల్లబడి గాలిలో తేమ దాని మీద మంచులా పేరుకుంటుంది, యంత్రం కాసేపు తిరగబడి ఆ మంచుని కరిగించుకుంటుంది. ఆ అయిదారు నిమిషాలు లోపల వెచ్చటి గాలి రాదు. పుస్తకంలో రాసే ఉంది, మేమే చదవలేదు.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళకి: గదికి విడిగా మీటరు పెట్టాను. ఎండాకాలంలో రోజుకి 14 యూనిట్లు తాగిన చోట ఇప్పుడు 4 నుంచి 5. చలికాలంలో హీటరుకి 12 పోయేవి, ఇప్పుడు మూడున్నర. అందులో స్లాబు పని వాటా ఎంత, యంత్రం వాటా ఎంత అంటే విడదీసి చెప్పలేను, రెండూ కొంతకాలం కలిసి నడిచాయి కాబట్టి. స్లాబు పని అయ్యాక పాత ఏసీతో నెల రోజులు నడిచినప్పుడే 14 కాస్తా 8 అయింది, దాన్ని బట్టి ఊహించుకోవచ్చు.

నీళ్ళ కూలరుతో సరిపెట్టుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. గాలి పొడిగా ఉన్న రోజుల్లో దాన్ని మించింది లేదు. ఒక లీటరు నీరు ఆవిరైతే 0.67 యూనిట్ల వేడిని తీసుకుపోతుంది, కరెంటు ఫ్యానుకీ చిన్న పంపుకీ మాత్రమే. మా తేమ మీటరు 60 శాతం దాటిన రోజున మాత్రం అది గదిని తడి గుడ్డలా చేసింది. పొడి నెలల్లో కింద హాల్లో వాడుతున్నాం.

ఇక మిగిలింది పడమటి గోడ. నిన్న సాయంత్రం ఏడింటికి లోపలివైపు 36 చూపించింది. దానికి బయట ఫోము బోర్డు వేసి ప్లాస్టరు చేయించాలని నేను, తీగ పాకించాలని అమ్మ. మూడు వారాలుగా వాదన నడుస్తోంది. నేను కొటేషన్ల కోసం ఎదురుచూస్తుంటే ఆవిడ గోడ పక్కన గుంట తవ్వించి మొక్క నాటేసింది. అది అప్పుడే మోకాలి ఎత్తు వచ్చింది.